కోడి పొడిచిన మీట

అరకు కొండల్లో అడుగుపెట్టిన మొట్టమొదటి కంప్యూటరు ఇంజనీరును నేనే. పెదబయలు నుంచి కురుపాం దాకా నా చెయ్యి పడని కంప్యూటరు లేదు. వానాకాలంలో మానిటరును వీపుకు కట్టుకుని, గెడ్డలు ఈది, ఎలుగుబంటికి నేను దారిచ్చి, అది నాకు దారిచ్చి, అలా ఈ విద్యను కొండ మీదికి మోసుకెళ్ళినవాణ్ణి.

ఇప్పుడు దిద్దుకుంటాను. మొదటివాణ్ణి కాను. నాకంటే ముందు ఒకాయన వచ్చి, ఇక్కడి చలికి తట్టుకోలేక దిగిపోయాడు. ఇంజనీరునూ కాను. షాపులో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా నా హోదా ‘సర్వీస్ బాయ్’. మనవలున్న బాయ్‌ని. మానిటరును మోసింది జీపు. ఎలుగుబంటి మాత్రం నిజం. అయితే అది ఎలుగుబంటే అని డ్రైవరు చెప్పాడు, నేను కళ్ళు మూసుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అబ్బాయిలూ, అమ్మాయిలూ, ఇది మీ కోసం రాస్తున్నాను. కోర్సులో మీకు మదర్‌బోర్డు గురించి చెబుతారు. సిస్టం అప్‌గ్రేడ్ చేసి వచ్చిన మర్నాడు పొద్దున్నే మోగే ఫోను గురించి ఎవరూ చెప్పరు. మన ఉద్యోగమంటే ఆ ఫోనే. కొత్తొక వింత, పాతొక రోత అన్న పెద్దమనిషి జన్మలో ఎవరి కంప్యూటరూ అప్‌గ్రేడ్ చేసి ఉండడు.

ముందు టీ

మా షాపు ఓనరు ప్రకాశరావు గారికి కంప్యూటరు ఆన్ చెయ్యడం తప్ప ఏమీ రాదు. అయినా ఆయన దగ్గర నేర్చుకున్నంత నేను మరెక్కడా నేర్చుకోలేదు.

“వెళ్ళగానే మిషను ముట్టుకోకు దేవదానం. ముందు టీ అడుగు. టీ వచ్చేలోపు వాళ్ళే చెబుతారు, ఏం పాడుచేశారో” అనేవారు.

అక్షరాలా నిజం. “ఏమీ చెయ్యలేదు, దానంతట అదే ఇలా అయింది” అన్నవాడు, గ్లాసు సగం అయ్యేసరికి “మా బావమరిది ఏదో నొక్కాడు” అంటాడు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి బావమరిది మాయమై తనే మిగులుతాడు.

ఆయన రెండో పాఠం నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను: “పని అయిపోయిందని నువ్వు చెప్పకు. వాళ్ళ చేత చెప్పించు.” ఎంత ఆలస్యంగా అంటే, రిటైరయ్యే వారంలో. ఆ సంగతికే వస్తున్నాను. దానికి ముందు రెండు చిన్న ముచ్చట్లు.

మూల నుంచి మధ్యకి

కొత్త సిస్టంలో స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకి వచ్చింది. ఎవరడిగారని తెచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. పెదబయలులో ఫొటో స్టూడియో నడిపే ఒకాయన, అప్‌గ్రేడ్ అయిన మర్నాడు నాకు ఫోను చేశాడు.

“బాబూ, బటన్ను ఎవుడో ఎత్తుకుపోనాడు.”

“ఎక్కడికీ పోలేదండీ. కింద మధ్యలో ఉంటుంది, చూడండి.”

“ఉన్నాది, కనబడతన్నాది. అయితే నా సెయ్యి మూలకే ఎల్లిపోతంది. సెయ్యికి ఎవుడు సెప్పాల?”

నేను నవ్వాను. తప్పు. ఆ పూట పెళ్ళివాళ్ళు ఫొటోల కోసం ఎదురుగా కూర్చుని ఉంటే, పాపం ఆయన మౌసుతో ఖాళీ మూలను పొడుస్తూ కూర్చున్నాడట. ఫోను మీదే సెట్టింగు చెప్పి బటన్ను మూలకు పంపించాను. నిమిషం పని. నా సర్వీసంతటిలో దానికి వచ్చినన్ని దీవెనలు, రాత్రంతా కూర్చుని కాపాడిన హార్డ్‌డిస్కుకు రాలేదు. మనుషులకు కొత్తది అక్కర్లేదని కాదు. చేతికి అలవాటైనది చేతికి అందాలి, అంతే.

ముసలి ప్రింటరు

కురుపాం వైపు ఒక చిన్న బడిలో అప్‌గ్రేడ్ చేశాక పాత ప్రింటరు పలకలేదు. నేను హెడ్మాస్టరు గారితో డాక్టరులా గంభీరంగా అన్నాను: “దీనికి వయసైపోయిందండీ. కొత్త సిస్టం దీన్ని గుర్తుపట్టదు. మార్చెయ్యాలి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నాకూ వయసైపోనాది. మా కోడలు నన్ను గుర్తుపట్టదు. నన్నూ మార్సేత్తావేటి?”

వెనక్కి వచ్చి, దాన్ని నడిపే పాత డ్రైవరు ప్రోగ్రాము వెతికి, మళ్ళీ వెళ్ళి ఎక్కించాను. ప్రింటరు బతికింది. తేల్చి చెప్పేదేమిటంటే, మనం చేసిన అప్‌గ్రేడ్ వల్ల ఏదైనా ఆగిపోతే, ఆగిపోయినదాన్ని తిట్టకండి. అది నిన్నటిదాకా పనిచేసింది. మధ్యలో వచ్చింది మనం.

ఊరికి వచ్చిన తొలికాపు

ఇక అసలు కథ. రిటైర్మెంటు ఇంకా వారం ఉందనగా, ప్రకాశరావు గారు నన్ను కొర్రగొంది పంపించారు. పెదబయలు మీదుగా వెళ్ళి, జీపు దిగి, ఇంకా పైకి నడవాలి. అక్కడ ఆడవాళ్ళ కాఫీ సంఘం ఉంది. సంఘానికి ఎవరో దానమిచ్చిన ఒక ల్యాప్‌టాప్ ఉంది. ఆ ల్యాప్‌టాప్‌ను ఆడించేది రత్నం అనే అమ్మాయి, ఇంటర్ చదివింది. సంఘాన్ని ఆడించేది చిలకమ్మ, ఏమీ చదవలేదు, ఎవరికీ బెదరదు.

పని ఇదీ: శుక్రవారం పొద్దున పట్నం నుంచి ఒక కాఫీ కంపెనీవాళ్ళు వీడియోలో మాట్లాడతారు. నచ్చితే సంఘం పంట మొత్తం వాళ్ళే కొంటారు. నచ్చకపోతే ఎప్పటిలాగే సంతలో షావుకారు చెప్పిన రేటుకు పోయాలి. ఆ వీడియో మీటింగు పాత సిస్టం మీద ఎక్కనంటోంది. కాబట్టి అప్‌గ్రేడ్ చెయ్యాలి.

బుధవారం మధ్యాహ్నానికి చేసేశాను. తెర మీద కొత్త రంగులు, కొత్త బొమ్మలు. ఊళ్ళో సగం మంది వాకిట్లో చేరారు. జనాన్ని చూస్తే నాకు నోరు ఆగదు.

“చూశారా!” అన్నాను. “ఇందులో పాత ముక్క ఒక్కటి లేదు. కొమ్మ మీద తొలికాపు అనుకోండి! ఈ చుట్టుపక్కల ఇంకే ఊళ్ళోనూ దిగలేదు. మీ ఊళ్ళోనే మొదలు!”

చివరి మాట పచ్చి అబద్ధం. అంతకు ముందు వారమే పక్క కొండ మీద రెండు చేసి వచ్చాను.

మౌసు మీదికి వెళ్తున్న రత్నం చేతిని చిలకమ్మ పట్టుకుని ఆపింది. “ముట్టకే గుంటా.”

“ఏమైంది చిలకమ్మా?”

“తొలికాపంతన్నావు కదా బాబూ. మామిడికాయ సెట్టున ఎంత పండినా, మామిడికొత్త సెయ్యందే మేం కొరుకుతామేటి? కొర్రలైనా అంతే, సిక్కుళ్ళైనా అంతే. ముందు పోయినోళ్ళకి పెట్టాల, ఊరితల్లికి పెట్టాల. తరవాత ఊరందరం ఒక్కపాలి నోట్లో ఏసుకోవాల. ఒక్కుడు ముందు ముట్టకూడదు.”

ఈ కొండల్లో ఇన్నేళ్ళు తిరిగాను కాబట్టి కొత్తల పండుగ నాకు తెలుసు. దాన్ని ల్యాప్‌టాప్‌కు చేస్తారని తెలియదు.

“మరి ఫోన్లు కొన్నప్పుడు చేశారా?” అన్నాను, గెలిచాననుకుని.

“ఫోను ఎవుడిది ఆడిది. ఇది ఊరిది.”

నేను దారి మార్చాను.

“పోనీ, ఉపమానం చెప్పాను తల్లీ! ఇది కాపు కాదు, పూత కాదు. లోపలంతా అంకెలు!”

“ఇందాక కాపన్నావు, ఇప్పుడు కాదంతన్నావు. ఏ మాట నీది?”

వాకిలంతా నవ్వింది. రత్నం అందరికంటే గట్టిగా నవ్వింది.

దిసారి పెట్టిన రోజు

ఊళ్ళో మంచిరోజులు చూసే పెద్దాయనను దిసారి అంటారు. ఆయన వచ్చి, తెరను కాసేపు పైనుంచి, కాసేపు పక్కనుంచి చూసి, వేళ్ళు లెక్కపెట్టుకుని అన్నాడు:

“వచ్చీ ఆదివారం బాగున్నాది.”

మీటింగు శుక్రవారం.

చిలకమ్మ తడుముకోలేదు. “ఆదివారం దాకా ఆగితే పట్నపోళ్ళు ఇంకో కొండకి పోతారు మావా. కాఫీ అంతా షావుకారు గోనెల్లోకి ఎల్లిపోద్ది. నీ కాఫీ కూడా.”

దిసారి మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి వేళ్ళు కాస్త బేగి కదిలాయి. “రేపు కూడా బాగానే ఉన్నాది. అయితే ఎర్రకోడి కావాల.”

నేను అడిగాను, “ఈలోగా నేనొక్కణ్ణే స్పీకరూ కెమెరా చూసుకుంటాను, ఊరివాణ్ణి కాదు కదా?” అని.

“ఊరి అన్నం తిన్నావు” అంది చిలకమ్మ.

ల్యాప్‌టాప్ మీద పసుపు గుడ్డ కప్పేశారు. దిగిపోదామంటే సంత రోజు దాకా జీపు లేదు.

షాపుకు తిరిగి వచ్చాక నేను ఈ కథ ఎలా చెప్పానంటే, “మీటింగుకు ముందు ఊరందరి చేతా సిస్టం పరీక్ష చేయించాలని నేనే ప్లాను వేశాను” అని. ప్రకాశరావు గారు ఎంతో మెచ్చుకున్నారు. నిజానికి ఆ రాత్రి నేను అలిగి, అంబలి వద్దని, దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాను. ఆ తరవాత ఆకలేసి లేచి అడిగి తాగాను.

కోడి

గురువారం పొద్దున సంఘం వాకిట్లో ముగ్గు వేసి, పీట మీద ల్యాప్‌టాప్ పెట్టారు. సగం ఊరు చర్చికి వెళ్ళేవాళ్ళు. కాబట్టి ముందు ప్రార్థన జరిగింది. చర్చి పెద్ద కళ్ళు మూసుకుని, “ప్రభువా, ఈ మిషను మధ్యలో ఆగకుండా కాపాడుము” అన్నాడు. నేనూ చర్చి మనిషినే. నా జీవితంలో ఆమెన్ అంత మనస్ఫూర్తిగా ఎప్పుడూ అనలేదు. తరవాత దిసారి వంతు. ఆయన ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లన్నీ పిలిచి, మీ పిల్లలు కొత్తది తినబోతున్నారు, మీరూ తినండి అని చెప్పాడు.

ఆ తరవాత ఇంటికొకరు వచ్చి మౌసు ముట్టుకుని, ఏదో ఒకటి నొక్కి వెళ్ళాలి. అక్కడ మొదలైంది నా పతనం.

ఒక ముసలాయన వంతు వచ్చి, చేతులు కడుక్కుని, భయభక్తులతో చెయ్యి వేసేసరికి తెర నల్లబడింది.

“ఓలమ్మో! నాను ముట్టగానే సచ్చిపోనాది!”

“చావలేదు తాతా, నిద్రపోయింది. కొత్త సిస్టం కాసేపు వదిలేస్తే నిద్రపోతుంది.”

“అందరి ముందూ నిద్రపోతే మర్యాదేటి?”

నిద్ర తీసేశాను. తరవాత ఒకావిడ నొక్కితే, ఎవరూ అడగని వాతావరణం వార్తలు తెరంతా పరచుకున్నాయి. పైగా ఇక్కడ ఎండ కాస్తుంటే వాన అని చూపించింది. అవి తీసేశాను. ఆ తరవాత రత్నం, సంఘంవాళ్ళ థింసా వీడియో పెట్టింది. ఆడవాళ్ళు నడుములు పట్టుకుని ఆడుతున్నారు, డప్పులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

“నోరు లేనిదాన్ని తల్లి ఒల్లదు” అన్నాడు దిసారి.

రత్నం నా వైపు తిరిగింది. “మావయ్యా, రేపు ఆల్లు మాటాడితే మనకి ఇనబడదా?”

“అరగంటలో చూడు” అన్నాను. డ్రైవరు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. ఫోను నెట్‌వర్కు కోసం రత్నం గుట్ట ఎక్కి నిలబడింది. చివరికి రీస్టార్ట్ కొట్టాను. అంతే, నీలం తెర వచ్చింది: అప్‌డేట్లు జరుగుతున్నాయి, కంప్యూటరు ఆపవద్దు. ఎవరు అడిగారు? ఎందుకు ఇప్పుడే? ఆ అంకె నూటికి ఎనిమిది దగ్గర కూర్చుంది. ఊరంతా దాని చుట్టూ కూర్చుంది. పొయ్యి మీద పెండలం ఎప్పుడు ఉడుకుతుందా అని చూసినట్టు చూశారు. పెండలం నిజంగా ఉడికింది, తిన్నాం, చేతులు కడుక్కున్నాం, అంకె ఇంకా ముప్పై దాటలేదు.

చిలకమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. “బాబూ, ఇదే రేపు ఆల్లు మాటాడతన్నప్పుడు అయ్యుంటే?”

నన్ను ఊరు ఆపకపోయి ఉంటే, ‘అంతా బాగుంది’ అని బుధవారమే సంతకం పెట్టించుకునేవాణ్ణి. ఈ నిద్ర, ఈ నీలం తెర, ఈ మూగతనం అన్నీ శుక్రవారం పొద్దున రత్నం ఒక్కదాని నెత్తిన పడేవి.

పొద్దు వాలుతుండగా అప్‌డేట్ అయింది. శబ్దం మాత్రం రాలేదు. దిసారికి ఓపిక నశించింది. “కోడిని తెండి” అన్నాడు.

రత్నం ఎర్ర పుంజును పట్టుకొచ్చింది. ఇక్కడి పద్ధతి ఏమిటంటే, దేవత ముందు బియ్యపు గింజలు వేసి కోడిని వదులుతారు. అది గింజ పొడిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. దిసారి గింజలు తీసి నేరుగా కీబోర్డు మీద చల్లాడు.

“అయ్యో! గింజలు లోపలికి పోతే...” అని నేను లేచేలోపు కోడి పీట ఎక్కింది. అటు చూసింది, ఇటు చూసింది. నన్ను చూసింది. పై వరుసలో ఒక మీట మీద టక్కున పొడిచింది.

డప్పులు! థింసా డప్పులు కొండకు కొట్టుకుని తిరిగి వచ్చాయి. కోడి ఎగిరి దిసారి భుజం మీద వాలింది. జనం కేకలు. ఆడవాళ్ళు అప్పటికే నడుములు పట్టుకుని వరస కట్టేశారు.

నేను కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. అది మ్యూట్ మీట. బుధవారం తుడిచేటప్పుడు నా గుడ్డే దాని మీద పడి ఉంటుంది. కొత్త సిస్టం ముస్తాబులో స్పీకరు బొమ్మ మీద ఉన్న చిన్న గీత నా కంటికి ఆనలేదు. పిల్లాణ్ణి చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పూటంతా డ్రైవర్లలో వెతికాను. అన్నీ విప్పేముందు మ్యూట్ చూడండి. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు.

దిసారి కత్తి కోసం చూస్తుంటే చిలకమ్మ అడ్డం వచ్చింది. “పని సేసినదాన్ని కోత్తారేటి మావా? కొయ్యాలంటే పూటంతా పని సెయ్యనోళ్ళని కొయ్యాల.” అంటూ నా వైపు చూసింది. తల్లికి కొబ్బరికాయ కొట్టి సరిపెట్టారు.

శుక్రవారం

నెట్‌వర్కు అందే గుట్ట మీదికి మీటింగు మార్చారు, ఊరంతా వచ్చింది. తెర మీద కంపెనీ ఆవిడ. ఇటు చిలకమ్మ, రత్నం. బాగా నడుస్తోంది. ఏ పండు ఎప్పుడు కోస్తారు, ఎలా కడుగుతారు, ఎక్కడ ఆరబెడతారు అని ఆవిడ అడుగుతుంటే చిలకమ్మ చెబుతోంది. ఉన్నట్టుండి ఆవిడ పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. రత్నం చెయ్యి కంగారులో ఏదో మీటకు తగిలినట్టుంది.

నేను లేవబోయాను. అవసరం లేకపోయింది. నిన్న ఇంటికొకరు ముట్టుకున్న మిషను అది. ఇల్లిల్లూ దానికి డాక్టరే.

“పై వరస! పై వరస!”

“కోడి మీట నొక్కే గుంటా!”

“బేగి!”

చిలకమ్మ ఎవరి మాటా వినలేదు. చూపుడువేలు వంచి, ముందుకు వంగి, అచ్చం కోడి పొడిచినట్టు ఒక్క పోటు పొడిచింది. మాట వచ్చింది. కంపెనీ ఆవిడ నవ్వుతూ, “అందరూ కలిసి ఏదో అరిచారు, ఏమిటమ్మా?” అంది.

“మా ఊళ్ళో ఏ పనైనా అందరం కలిసే సేత్తామమ్మా. కాఫీ కూడా అంతే” అంది చిలకమ్మ.

నేనైతే ఇంత జవాబు వారం ఆలోచించినా చెప్పలేను. వచ్చే నెల మనిషిని పంపిస్తామని, రుచి నచ్చితే పంటంతా తీసుకుంటామని ఆవిడ అంది. మనిషి వచ్చాడు. తాగాడు. పంట కొర్రగొంది నుంచి పట్నానికే వెళ్ళింది. షావుకారు ఆ ఏడు సంతలో నాతో మాట్లాడలేదు. ఇది అతిశయోక్తి కాదు, అంతకు ముందూ మాట్లాడేవాడు కాదు.

రిపోర్టు

సంత రోజు జీపు కోసం దిగేముందు సర్వీసు రిపోర్టు రాసి, చిలకమ్మ దగ్గర సంతకం కోసం పెట్టాను.

“ఏటి రాసినావో సదువు.”

“ఆడియో సమస్యను మా ఇంజనీరు పరిష్కరించారు.”

“ఇంజనీరెవుడు?”

“నేనే.”

“కోడి సేసింది నువ్వు సేసినట్టు రాసీసినావా? కొట్టీ. ఉన్నది రాయి.”

కొట్టేసి, ఉన్నది రాశాను. ప్రకాశరావు గారు షాపులో దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు పైకి జరిపి, “దీనికీ బత్తా ఇవ్వాలా దేవదానం?” అని అడిగారు. నా ఉద్యోగంలో చివరి రిపోర్టు అది. అబద్ధం లేనిది కూడా అదొక్కటే.

ఒక్కటి తప్ప. ‘ఎర్ర పుంజు’ అని రాశాను, ఇక్కడ మీకూ అలాగే చెప్పాను. వినడానికి గంభీరంగా ఉంటుందని. అది పెట్ట. మీట పొడిచిన మర్నాడు పొద్దున ల్యాప్‌టాప్ సంచీలో గుడ్డు పెట్టింది.